మన జన్యువులలోని పురాతన వైరస్ శేషములు - వ్యాధులలో వాటి పాత్ర

ఉపోద్ఘాతము

వైరస్ అనగానే బయటనుండి వచ్చి మన మీద పడే శత్రువు మనకు గుర్తుకు వస్తుంది. జలుబు, డెంగీ, 2020లో లోకమంతటినీ ఇండ్లలో కూర్చుండబెట్టిన కోవిడ్, ఇవన్నీ గాలి ద్వారానో దోమ ద్వారానో మనకు సోకినవే. అయితే ఎవరినుండి సోకకుండా, పుట్టుకతోనే మనలో ఉన్న వైరస్ శేషములు కూడా కలవు. ఒక కణములోని మొత్తము డి.ఎన్.ఏ. లిఖితమును జీనోము అంటారు. మానవ జీనోము సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథము. 2001 ఫిబ్రవరిలో దీని మొదటి చిత్తుప్రతి ప్రచురింపబడినప్పుడు, అందులో దాదాపు 8 శాతము పురాతన రెట్రోవైరస్‌ల శేషములని తేలినది. మన శరీరమునకు కావలసిన ప్రోటీనులను తయారుచేయుటకు సూత్రములు వ్రాయబడి ఉన్న భాగము 2 శాతమునకు మించదు. అనగా మన ప్రోటీనుల సూత్రములకంటే ఈ శేషములే ఎక్కువ స్థలమును ఆక్రమించుకొని ఉన్నవి.

ఈ శేషములకు క్యాన్సరుతోను, నరముల వ్యాధులతోను సంబంధమున్నదని పత్రికలలో వార్తలు వస్తున్నవి. అటువంటి వార్త చదివిన రోగి కుటుంబము సంఘ కాపరిని మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇది ఇంట్లోవారికి అంటుకుంటుందా? ఇది మా పితరులనుండి వచ్చిన శాపమా? దీనికి మందు ఉన్నదా? ఈ ప్రశ్నలకు భయమును గాని, వట్టి ఆశను గాని పుట్టించకుండా జవాబు చెప్పవలెనంటే, విజ్ఞాన శాస్త్రము దేనిని నిరూపించినదో, దేనిని ఇంకను నిరూపించలేదో తెలిసియుండవలెను. ఈ వ్యాసములో మేము ఆ సంగతులనే క్రమముగా వివరింపదలచితిమి.

1. ఈ శేషములు మనలోనికి ఎట్లు ప్రవేశించినవి?

సాధారణముగా కణములో సమాచారము ఒకే దిశలో నడుస్తుంది. డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. తయారవుతుంది, ఆర్.ఎన్.ఏ. నుండి ప్రోటీను తయారవుతుంది. రెట్రోవైరస్ ఈ దిశను తిప్పివేస్తుంది. అది ఆర్.ఎన్.ఏ. రూపములో కణములోనికి వచ్చి, తనను డి.ఎన్.ఏ.గా మార్చుకొని, ఆ కణము యొక్క డి.ఎన్.ఏ. మధ్యలోనే తన్ను తాను అతికించుకొంటుంది. ఎయిడ్స్ కలుగజేయు హెచ్.ఐ.వి. ఈ జాతికి చెందినదే.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన పేటన్ రౌస్, కోడికి వచ్చిన ఒక కంతిని నూరి, కణములు గాని బాక్టీరియా గాని దాటలేని వడపోత గుండా పంపిన రసముతో మరియొక కోడికి అదే కంతి వస్తుందని 1911లో ప్రకటించెను. దీనికి కారణమైనది రెట్రోవైరస్ అని తరువాత తెలిసినది. ఆయనకు 55 సంవత్సరముల తరువాత, 1966లో, నోబెల్ బహుమానము లభించినది. ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చు ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా కనుగొనిరి. వారికి 1975లో ఆ బహుమానము దక్కినది.

రెట్రోవైరస్ సాధారణముగా రక్తకణమునో మరియొక శరీర కణమునో పట్టుకొంటుంది. ఆ మనుష్యుడు చనిపోయినప్పుడు అతనిలోని వైరస్ కూడా అంతరిస్తుంది. అయితే ఎప్పుడో అరుదుగా అది అండముగా గాని శుక్రకణముగా గాని మారబోవు కణములో ప్రవేశిస్తే సంగతి మారిపోతుంది. ఆ కణమునుండి పుట్టిన బిడ్డ శరీరమంతటా ఆ వైరస్ నకలు ఉంటుంది. ఆ బిడ్డనుండి తరువాతి తరమునకు, అక్కడనుండి ఆ పై తరములకు అది వెళ్లగలదు.

వేదాంత విద్యార్థులకు ఈ సంగతి గ్రహించుట కష్టము కాదు. ప్రాచీన వ్రాతప్రతులలో ఒకడు అంచున వ్రాసుకొన్న మాటను తరువాతి లేఖికుడు మూలములో భాగమనుకొని లోపల చేర్చి వ్రాయుట కలదు. అప్పటినుండి ఆ ప్రతినుండి వచ్చిన ప్రతి నకలులోను ఆ మాట ఉంటుంది. పురాతన రెట్రోవైరస్ కూడా అటువంటి చేర్పే.

ఇది పూర్వకాలమునకే పరిమితమైన సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని కోలా అను జంతువులలో ఇది నేడు మన కన్నుల యెదుటనే జరుగుచున్నది. కోలా రెట్రోవైరస్ ఉత్తర ప్రాంతపు కోలాలన్నిటి జీనోములో చేరిపోయినది, దక్షిణ ప్రాంతములో ఇంకను అన్నిటికి వ్యాపించలేదు. ఈ వైరస్ ఉన్న కోలాలలో రక్త క్యాన్సర్లు ఎక్కువగా కనబడుచున్నవి. క్రొత్తగా చేరిన వైరస్ ఎంత ప్రమాదకరమో దీనివలన తెలుస్తున్నది.

2. ఇవి పురాతనమైనవని ఎట్లు తెలిసినది?

రెట్రోవైరస్ డి.ఎన్.ఏ.లో చేరినప్పుడు దాని రెండు చివరల ఒకే విధమైన అక్షరముల వరుస ఉంటుంది. తరములు గడిచేకొద్ది ఈ రెండు చివరలలోను వేర్వేరుగా అక్షర దోషములు చేరుతాయి. రెంటి మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే ఆ చేర్పు అంత పాతది. రెండవ ఆధారము స్థానము. మానవ జీనోములోని ఈ శేషములలో అధిక భాగము చింపాంజీ జీనోములో కూడా అదే స్థానములో ఉన్నవి. ఒకే దోషము ఒకే చోట ఉన్న రెండు ప్రతులకు ఒకే మాతృక ఉండెనని పాఠ పరిశోధకులు నిర్ణయించినట్లే, జీవశాస్త్రజ్ఞులు ఇట్టి శేషములు ఉమ్మడి పూర్వజులలో చేరినవని నిర్ణయిస్తారు. ఈ లెక్కల ప్రకారము వీటిలో చాలా భాగము కోట్ల సంవత్సరముల క్రితమువి. హెర్వ్-కె అను కుటుంబములో మాత్రము గత పది లక్షల సంవత్సరములలో చేరినవి కొన్ని ఉన్నవి. అవి కొందరు మనుష్యులలో ఉండి కొందరిలో లేవు.

3. అయితే మనమందరము ఎందుకు రోగులము కాలేదు?

దీనికి రెండు కారణములు. మొదటిది శిథిలత. ఇన్ని తరముల నకళ్లలో ఆ లిఖితము చెడిపోయినది. చాలా చోట్ల వైరస్ మధ్య భాగమంతయు పోయి, ఒక చివర మాత్రమే మిగిలినది. మనుష్యులనుండి మనుష్యులకు సోకగల సంపూర్ణ వైరస్‌ను తయారుచేయగల శేషము ఒక్కటి కూడా మానవ జీనోములో ఇంతవరకు కనబడలేదు. 2006లో ఫ్రాన్స్‌లో తియెర్రీ హైడ్మాన్ బృందము హెర్వ్-కె కుటుంబములోని అనేక ప్రతులను పోల్చి, దోషములను సవరించి, మూల రూపమును ప్రయోగశాలలో తిరిగి నిర్మించినది. అది కణములకు సోకినది, కాని బలహీనముగానే సోకినది.

రెండవది కాపలా. మన కణములు ఈ శేషములున్న చోట రసాయనిక గుర్తులు పెట్టి, అక్కడి లిఖితము చదువబడకుండా మూసివేస్తాయి. ఈ పని కొరకే అన్నట్లు కొన్ని వందల ప్రోటీనులు మనలో ఉన్నవి. వృద్ధాప్యములోను, క్యాన్సర్ కణములలోను, కొన్ని క్రొత్త వైరస్‌లు సోకినప్పుడును ఈ కాపలా సడలుతుంది. వ్యాధులను గూర్చిన చర్చ ఇక్కడనే మొదలవుతుంది.

4. మేలు చేయు శేషములు

హానిని గూర్చి చెప్పుటకు ముందు మేలును గూర్చి చెప్పుట న్యాయము. రెట్రోవైరస్ పైపొరలోని ప్రోటీను కణముల పొరలను ఒకదానితో ఒకటి కలుపుతుంది. వైరస్ దీనిని కణములోనికి చొరబడుటకు వాడుకొంటుంది. గర్భములో శిశువునకు ఆహారమందించు మాయలో కూడా కణములు కలిసిపోయి ఒక అవిచ్ఛిన్నమైన పొరగా ఏర్పడవలెను. ఈ పనిచేయు సిన్‌సిటిన్ అను ప్రోటీను హెర్వ్-డబ్ల్యు కుటుంబపు వైరస్ శేషమునుండి వచ్చినదని 2000లో అమెరికా పరిశోధకులు కనుగొనిరి. ఎలుకలలో ఇదే పని చేయు జన్యువును తీసివేసినప్పుడు పిల్లలు గర్భములోనే చనిపోయినవని 2009లో హైడ్మాన్ బృందము చూపినది. అలాగే కొన్ని శేషములు రోగనిరోధక జన్యువులకు మీటలవలె పనిచేస్తున్నవని 2016లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు తెలిపిరి. కాబట్టి ఈ శేషములన్నిటిని శత్రువులనుట తగదు, అన్నిటిని చెత్త అనుట కూడా తగదు.

5. వ్యాధికి కారణమని ఎప్పుడు చెప్పవచ్చును?

ఇక్కడ ఒక తర్కమును గట్టిగా పట్టుకొనవలెను. ఈ శేషములు రోగిలోను ఉన్నవి, ఆరోగ్యవంతునిలోను ఉన్నవి. అందరిలో ఉన్నది ఒక్కనికే వ్యాధి ఎందుకు వచ్చెనో తన ఉనికి మాత్రముచేత వివరింపలేదు. రోగి శరీరములో దాని ప్రోటీను ఎక్కువగా కనబడినను, అది వ్యాధికి కారణము కావచ్చును, వ్యాధివలన కాపలా సడలి కలిగిన ఫలితము కావచ్చును. ఇల్లు కాలినచోట పొగ ఉంటుంది, కాని ఇల్లు కాలినది పొగవలన కాదు. కాబట్టి ప్రతి వాదమును మూడు ప్రశ్నలతో తూచవలెను. రోగులలో అది నిజముగా ఎక్కువగా ఉన్నదా? దానిని ప్రవేశపెట్టినప్పుడు ప్రయోగశాలలో వ్యాధి కలిగినదా? దానిని అడ్డగించినప్పుడు రోగికి మేలు కలిగినదా? ఈ తూకముతో నాలుగు వ్యాధులను పరిశీలించెదము.

అ. పురుషులలో సంతానలేమి

వీటిలో నిస్సందేహముగా నిరూపింపబడినది ఇది. పురుషునికి మాత్రమే ఉండు వై క్రోమోజోము మీద, దాదాపు 8 లక్షల అక్షరముల ఎడముతో, ఒకే కుటుంబపు రెండు వైరస్ శేషములు ఉన్నవి. రెండు పంక్తులు ఒకే మాటతో ముగిసినప్పుడు నకలు వ్రాయువాని కన్ను మొదటిదానినుండి రెండవదానికి దూకి, మధ్యనున్నదంతయు విడిచిపెట్టుట వ్రాతప్రతులలో మనకు తెలిసిన దోషమే. వై క్రోమోజోములో కూడా అప్పుడప్పుడు ఇట్లే జరిగి, ఆ రెండు శేషముల మధ్యనున్న భాగమంతయు పోతుంది. దానితో శుక్రకణముల ఉత్పత్తికి అవసరమైన జన్యువులు పోయి, ఆ పురుషునిలో శుక్రకణములు తయారుకావు. 2000లో ఒకటికంటే ఎక్కువ పరిశోధక బృందములు ఈ సంగతిని స్థిరపరచినవి.

ఇది అరుదైన కారణమే. సంతానలేమి గల పురుషులలో చాలామందికి కారణములు వేరు. అయినను మన సమాజములో దీనికి ప్రత్యేకమైన ప్రాముఖ్యత కలదు. పిల్లలు కలుగకపోతే మన ఊళ్లలో మొదట నింద పడేది భార్య మీద. ఆమెను గొడ్రాలందురు, శుభకార్యములకు పిలువరు, భర్తకు రెండవ పెండ్లి చేయుటకు కూడా వెనుదీయరు. భర్తకు పరీక్ష చేయించవలెనన్న మాటయే అవమానముగా ఎంచబడుతుంది. ఇక్కడ లోపము ఆమెది కాదు, భర్త చేసిన తప్పు కాదు, అతని తండ్రినుండి వచ్చిన వ్యాధియు కాదు. తండ్రికి ఆ భాగము సంపూర్ణముగా ఉన్నది గనుకనే అతనికి కుమారుడు పుట్టెను. సాధారణముగా ఆ నష్టము ఈ కుమారునికి మూలమైన ఒక్క కణములో, నకలు తీయు సమయమున జరిగినది. వీర్యములో శుక్రకణములు కనబడనప్పుడు వై క్రోమోజోములోని ఇట్టి నష్టమును రక్త పరీక్షవలన తెలిసికొనవచ్చును.

ఆ. హాడ్‌కిన్ లింఫోమా

ఇది లింఫు గ్రంథులకు వచ్చు ఒక క్యాన్సర్. ఈ క్యాన్సర్ కణములలో, సాధారణముగా ఆ జాతి కణములలో పనిచేయకూడని ఒక పెరుగుదల జన్యువు పనిచేస్తున్నది. కాపలా సడలినందున, ఆ జన్యువునకు సమీపముననున్న వైరస్ శేషపు చివర మేలుకొని, దానిని మీటవలె నడిపిస్తున్నదని 2010లో జర్మనీ, బ్రిటన్ పరిశోధకులు చూపిరి. ఆ జన్యువు పనిని అడ్డగించినప్పుడు ప్రయోగశాలలోని క్యాన్సర్ కణములు క్షీణించినవి. ఇక్కడ శేషము వ్యాధి చేతిలో పనిముట్టు అయినదని చెప్పవచ్చును. అయితే కాపలా సడలుట దానికంటే ముందు జరిగిన సంగతి.

క్యాన్సర్ విషయములో మరియొక ప్రక్క కూడా కలదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణములలో మేలుకొన్న వైరస్ శేషములను మన రోగనిరోధక వ్యవస్థ పరాయివిగా గుర్తించి, వాటికి విరోధముగా యాంటీబాడీలను తయారుచేసి, క్యాన్సర్‌తో పోరాడుటలో సహాయపడుతున్నదని 2023లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ పరిశోధకులు తెలిపిరి. ఒకచోట క్యాన్సర్‌కు పనిముట్టైన జాతి మరియొకచోట క్యాన్సర్‌ను పట్టిచ్చునదిగా ఉన్నది.

ఇ. మల్టిపుల్ స్క్లెరోసిస్

ఈ వ్యాధిలో మెదడు, వెన్నుపాములలోని నరముల మీదనున్న పొర చెడిపోయి, చూపు మందగించుట, కాళ్లు చేతులు పట్టు తప్పుట సంభవిస్తుంది. 1989లో ఫ్రాన్స్‌లో ఎర్వే పెరాన్ మరియు ఆయన సహచరులు ఒక రోగి కణములనుండి రెట్రోవైరస్ వంటి రేణువులను కనుగొనిరి. అవి హెర్వ్-డబ్ల్యు కుటుంబమునకు చెందినవని తరువాత తేలినది. మాయను నిర్మించు సిన్‌సిటిన్ కూడా ఈ కుటుంబములోనిదే. ఈ కుటుంబపు పైపొర ప్రోటీను నరముల వాపును రేపి, చెడిన పొర తిరిగి ఏర్పడకుండా అడ్డుకొనగలదని ప్రయోగశాలలో కనబడినది.

ఆ ప్రోటీనును అడ్డగించు టెమెలిమాబ్ అను యాంటీబాడీని 270 మంది రోగులలో పరీక్షించిరి. 2022లో ప్రచురింపబడిన ఫలితముల ప్రకారము, మెదడులో క్రొత్త వాపు మచ్చలను తగ్గించుట అను ప్రధాన లక్ష్యము నెరవేరలేదు. మెదడు క్షీణత కొంత తగ్గినట్లు సూచనలు మాత్రము కనబడినవి. కోవిడ్ తరువాత నెలల తరబడి విడువని అలసటకు ఇదే మందును వాడి చూడగా, 2024లో వెలువడిన ఫలితములలో మేలు కనబడలేదు.

ఇదే 2022లో హార్వర్డ్ పరిశోధకులు, కోటిమందికి పైగా అమెరికా సైనికుల 20 సంవత్సరముల రికార్డులను పరిశీలించి, ఎప్స్టీన్-బార్ అను సాధారణ వైరస్ సోకిన తరువాత మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చు అపాయము 32 రెట్లు పెరుగుతున్నదని చూపిరి. ఈ వైరస్ హెర్వ్-డబ్ల్యు శేషములను మేలుకొలుపగలదని ప్రయోగశాలలో తెలిసియున్నది. బయటి వైరస్ లోపలి శేషమును లేపుట వ్యాధికి దారి తీయుచున్నదా అనునది బలమైన ఊహయే గాని, ఇంకను నిరూపణ కాలేదు.

ఈ. ఏ.ఎల్.ఎస్.

కండరములను నడిపించు నరములు క్రమముగా చనిపోయి, రోగి నడువలేక, మ్రింగలేక, చివరకు ఊపిరి పీల్చలేక పోవు భయంకరమైన వ్యాధి ఇది. మన దేశములోని క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేస్తున్న అవీంద్ర నాథ్ బృందము 2015లో ఒక ముఖ్యమైన ఫలితమును ప్రచురించినది. కొందరు రోగుల మెదడు కణములలో హెర్వ్-కె ప్రోటీను ఉన్నదనియు, ఎలుకలలో దానిని తయారగునట్లు చేసినప్పుడు వాటి కదలిక నరములు క్షీణించినవనియు వారు తెలిపిరి. అయితే తరువాత ఇతర ప్రయోగశాలలు రోగుల మెదడులను పరీక్షించినప్పుడు హెర్వ్-కె అధికముగా ఉన్నట్లు కనుగొనలేకపోయినవి. ఆస్ట్రేలియాలో 40 మంది రోగులకు హెచ్.ఐ.వి. మందులను 24 వారములు ఇచ్చి చూసిన ఫలితములు 2019లో వెలువడినవి. మందులను రోగులు తట్టుకొనిరి, కొంత ఆశాజనకమైన సూచన కనబడినది. కాని పోల్చి చూచుటకు మందు ఇవ్వని రోగుల గుంపు అందులో లేదు. కాబట్టి దీనిని చికిత్స అనుటకు వీలులేదు.

6. ఒక హెచ్చరిక

ఈ రంగములో తొందరపాటు ఎంత దుఃఖము తెచ్చునో చూపు సంఘటన ఒకటి కలదు. దీర్ఘకాలిక అలసట వ్యాధితో బాధపడువారి రక్తములో ఎక్స్.ఎం.ఆర్.వి. అను రెట్రోవైరస్ ఉన్నదని 2009లో ప్రముఖ పత్రిక సైన్స్‌లో ఒక వ్యాసము వచ్చినది. సంవత్సరముల తరబడి తమ వ్యాధిని ఎవరును నమ్మక బాధపడినవారికి అది విడుదల వార్తవలె వినబడినది. కొందరు హెచ్.ఐ.వి. మందులు కూడా వాడిరి. ఇతర ప్రయోగశాలలకు ఆ వైరస్ కనబడలేదు. 1990ల ప్రాంతములో ఒక మానవ క్యాన్సర్ కంతిని ఎలుకలలో పెంచినప్పుడు, ఎలుక జీనోములోని రెండు పురాతన వైరస్ శేషములు కలిసిపోయి ఈ వైరస్ పుట్టినదనియు, నమూనాలు కలుషితమగుటచేత అది రోగులలో ఉన్నట్లు కనబడినదనియు 2011లో తేలినది. ఆ సంవత్సరమే ఆ వ్యాసము ఉపసంహరింపబడినది. రోగుల బాధ నిజమే, కాని దానికి చూపబడిన కారణము నిజము కాదు.

7. రోగుల ప్రశ్నలకు జవాబులు

పైన చెప్పినవాటిని బట్టి మొదటి మూడు ప్రశ్నలకు ఇట్లు జవాబు చెప్పవచ్చును.

మొదటిది, అంటుకుంటుందా? అంటుకోదు. ఈ శేషములు ఒకరినుండి ఒకరికి గాలి, నీరు, స్పర్శలవలన సోకవు. ఇట్టి వ్యాధి గల వ్యక్తికి వేరే పళ్లెము పెట్టుట, ప్రక్కన కూర్చుండుటకు జంకుట అజ్ఞానము మాత్రమే గాక క్రూరత్వము కూడా.

రెండవది, పితరుల శాపమా? ఈ శేషములు పితరులనుండి వచ్చినవన్నది వాస్తవమే, కాని అవి మానవులందరికీ వచ్చినవి. రోగి కుటుంబమునకు ప్రత్యేకమైనది ఏదియు ఇందులో లేదు. నింద మోపువారికిని మోయనక్కరలేదు, ప్రక్కింటివారికిని మోయనక్కరలేదు అన్నంత సమానముగా అది అందరిలో ఉన్నది. తండ్రుల దోషమును పిల్లల మీద మోపు వాదమునకు యెహెజ్కేలు 18వ అధ్యాయములోను, పుట్టు గ్రుడ్డివాని విషయమై యోహాను సువార్త 9వ అధ్యాయములోను ఉన్న జవాబును ఈ పత్రిక పాఠకులకు మేము గుర్తుచేయనక్కరలేదు. జన్యుశాస్త్రపు మాటలను తీసికొని అదే పాత నిందకు క్రొత్త వస్త్రము తొడుగకుండునట్లు జాగ్రత్తపడిన చాలును.

మూడవది, మందు ఉన్నదా? పురాతన వైరస్ శేషములను అడ్డగించి మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను గాని ఏ.ఎల్.ఎస్.ను గాని నయము చేయు ఆమోదిత ఔషధము ఇంతవరకు లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వేరే మార్గములలో పనిచేయు మంచి మందులు ఉన్నవి, వాటిని మానరాదు. మీ డి.ఎన్.ఏ.లోని వైరస్‌ను తీసివేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇయ్యరాదు. శరీరములోని ప్రతి కణములో వ్రాయబడియున్న లక్షలాది శేషములను ఎవరును తీసివేయలేరు, తీసివేయనక్కరలేదు కూడా.

ముగింపు

మన జీనోములోని వైరస్ శేషములలో కొన్ని తల్లి గర్భములో మనలను నిలువబెట్టినవి. కొన్ని రోగనిరోధక శక్తికి తోడ్పడుచున్నవి. కొన్ని అరుదుగా హాని చేయుచున్నవి, అత్యధిక భాగము మౌనముగా ఉన్నవి. సంతానలేమి విషయములో సాక్ష్యము స్థిరమైనది. హాడ్‌కిన్ లింఫోమాలో బలమైనది. మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏ.ఎల్.ఎస్.లలో విచారణ ఇంకను సాగుచున్నది. రోగి మంచము ప్రక్కన కూర్చుండువాడు ఈ తేడాను మరువరాదు. నిరూపింపబడినదానిని ధైర్యముగా చెప్పవలెను, నిరూపింపబడనిదానిని ఇంకను తెలియదని ఒప్పుకొనవలెను. ఆ రెండును రోగికి మేలే చేస్తాయి. ఉండుట వేరు, కారణమగుట వేరు.